ఔటర్ రింగ్ రోడ్డు: గీత ఎవరు గీశారు, ర్యాంపు ఎక్కడ దిగింది, టోల్ ఎవరి చేతికి పోయింది?

బాలాపూర్, షాహీన్ నగర్ వైపు నుంచి శ్రీశైలం రోడ్డు పట్టుకుని పహాడీ షరీఫ్ దాటి తుక్కుగూడ దాకా వెళ్తే, అక్కడ ఔటర్ రింగ్ రోడ్డు కనిపిస్తుంది. ఎత్తైన కట్ట, దాని మీద ఎనిమిది వరుసల రోడ్డు. కార్లు, లారీలు సర్రున దూసుకుపోతుంటాయి. కానీ పహాడీ షరీఫ్ నుంచి స్కూటర్ మీద వచ్చిన మెకానిక్ ఆ రోడ్డు ఎక్కలేడు. ఆటో నడిపే మనిషీ ఎక్కలేడు. టూ వీలర్లకు, ఆటోలకు, నడిచే వాళ్ళకు ఔటర్ మీద అనుమతి లేదు. వాళ్ళు కింద సర్వీసు రోడ్డు మీదే పోవాలి.

ఈ నిబంధనలో తప్పేమీ లేదు. 120 కిలోమీటర్ల వేగంతో బండ్లు పోయే చోట స్కూటర్ ఎక్కితే ప్రాణాలకే ముప్పు. 2011 సెప్టెంబరులో మాజీ క్రికెటర్ అజహరుద్దీన్ కుమారుడు, అతని బంధువైన మరో కుర్రవాడు పుప్పాలగూడ దగ్గర ఇదే ఔటర్ మీద బైకు ప్రమాదంలో చనిపోయారు. ఆ వార్త విని నగరమంతా బాధపడింది. కాబట్టి టూ వీలర్లను ఆపడం సరైనదే.

అసలు అడగాల్సిన సంగతి వేరే ఉంది. ఇంత పెద్ద రోడ్డు వేసినప్పుడు, దాని మీద ఎక్కలేని వాళ్ళ కోసం, దాని కోసం భూమి పోగొట్టుకున్న వాళ్ళ కోసం ఏం చేశారు? ఇప్పుడు ఔటర్ బయట రీజనల్ రింగ్ రోడ్డు పేరుతో ఇంకో పెద్ద గుండ్రం గీస్తున్నారు. దాని కోసం వేలాది రైతులు భూములు ఇవ్వాలి. అందుకే ఔటర్ కథను ఒకసారి మొదటి నుంచి చూసుకోవడం అవసరం. పాత లెక్క తెలిస్తేనే కొత్త లెక్క అడగగలం.

ఎందుకు వేశారు, ఎలా వేశారు

హైదరాబాద్‌కు నాలుగు వైపుల నుంచీ పెద్ద రోడ్లు వస్తాయి. ముంబై–విజయవాడ రోడ్డు, నాగపూర్–బెంగళూరు రోడ్డు, వరంగల్ రోడ్డు, కరీంనగర్ వైపు రాజీవ్ రహదారి, శ్రీశైలం రోడ్డు, నాగార్జునసాగర్ రోడ్డు. ఇవన్నీ ఒకప్పుడు ఊరి మధ్యలోకే వచ్చి కలిసేవి. విజయవాడ నుంచి ముంబై పోయే లారీకి హైదరాబాద్‌తో పని లేకపోయినా ఊళ్ళోంచే పోవాల్సి వచ్చేది. ఈ రోడ్లన్నింటినీ ఊరి బయటే కలిపేద్దాం అన్నది ఔటర్ వెనక ఉన్న ఆలోచన.

దీని కోసం 2005లో హైదరాబాద్ గ్రోత్ కారిడార్ లిమిటెడ్ అనే సంస్థను పెట్టారు. అప్పటి హుడా, తర్వాత హెచ్‌ఎండీఏ, దీని వెనక ఉన్నాయి. మొత్తం పొడవు 158 కిలోమీటర్లు. ఎనిమిది వరుసల ప్రధాన రోడ్డు, రెండు పక్కలా సర్వీసు రోడ్లు, భవిష్యత్తులో రైలు మార్గం కోసం కొంత జాగా, అన్నీ కలిపి సుమారు 150 మీటర్ల వెడల్పు తీసుకున్నారు. రోడ్డుకు అటూ ఇటూ ఒక్కో కిలోమీటరు దూరాన్ని 'గ్రోత్ కారిడార్' అన్నారు. పేరులోనే ఉంది చూడండి. ఇది ట్రాఫిక్ కోసం వేసిన రోడ్డు మాత్రమే కాదు, భూమి అభివృద్ధి కోసం వేసిన రోడ్డు కూడా.

పనులు మూడు దశల్లో జరిగాయి. మొదటి దశ గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా సుమారు 24 కిలోమీటర్లు. రెండో దశలో మొదటి భాగం 62 కిలోమీటర్లు: ఒకవైపు నార్సింగి నుంచి పటాన్‌చెరు, ఇంకోవైపు శంషాబాద్ నుంచి పెద్ద అంబర్‌పేట. దీన్ని యాన్యుటీ పద్ధతిలో కట్టారు. అంటే కంపెనీ తన డబ్బుతో రోడ్డు వేస్తుంది, ప్రభుత్వం ఏళ్ళ తరబడి వాయిదాల్లో తీరుస్తుంది. మిగిలిన 71 కిలోమీటర్లు, అంటే పటాన్‌చెరు నుంచి మేడ్చల్, శామీర్‌పేట, కీసర, ఘట్‌కేసర్ మీదుగా పెద్ద అంబర్‌పేట దాకా, జపాన్ సంస్థ జైకా ఇచ్చిన రుణంతో కట్టారు. ఆ రుణ ఒప్పందాలు 2008–09లో జరిగాయి.

ఇక్కడ ఒక క్రమం గమనించాలి. శంషాబాద్ విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైంది. అదే ఏడాది నవంబరు 14న, నెహ్రూ జయంతి రోజు, అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖర రెడ్డి గచ్చిబౌలి–శంషాబాద్ ముక్కను తెరిచారు. ఐటీ ఆఫీసుల నుంచి విమానాశ్రయానికి పోయే దారి ముందు వచ్చింది. ఘట్‌కేసర్, కీసర, శామీర్‌పేట వైపు ముక్కలు చాలా ఏళ్ళ తర్వాత వచ్చాయి. కండ్లకోయ దగ్గర మిగిలిపోయిన చివరి చిన్న ముక్క, సుమారు ఒక కిలోమీటరు, 2018లో తెరిచాక గానీ గుండ్రం పూర్తి కాలేదు. మొదటి ముక్కకూ చివరి ముక్కకూ మధ్య దాదాపు పదేళ్ళు.

దీపాల విషయంలోనూ ఇదే వరుస. గచ్చిబౌలి–శంషాబాద్ మధ్య ముందు వెలుగులు వచ్చాయి. మిగిలిన 136 కిలోమీటర్లకు ఎల్‌ఈడీ దీపాలు వెలిగింది 2022 డిసెంబరులో. అప్పటిదాకా అక్కడ రాత్రి ప్రయాణం చీకట్లోనే.

మొదటి ప్రశ్న: గీత ఎవరు గీశారు?

రోడ్డు ఎటు పోవాలో నిర్ణయించే గీతను అలైన్‌మెంట్ అంటారు. కాగితం మీద అది ఒక సన్నని గీత. నేల మీదకొస్తే ఒకరి బావి, ఒకరి మామిడి తోట, ఒకరి ఇల్లు, ఒక ఊరి చెరువు. ఆ గీత 200 మీటర్లు ఇటు జరిగితే ఒక రైతుకు ఉన్నదంతా పోతుంది. అటు జరిగితే అదే రైతు భూమి రోడ్డు పక్క భూమి అయిపోయి ధర పది రెట్లు పెరగొచ్చు. నష్టానికీ లాభానికీ మధ్య తేడా అంత చిన్నది. అందుకే గీత గీసే వాళ్ళ మీద అందరి కళ్ళూ ఉంటాయి.

ఔటర్ గీత మీద కూడా గొడవ జరిగింది. 2005, 2006 నాటికే అలైన్‌మెంట్ మార్చారని, పలుకుబడి ఉన్నవాళ్ళ భూములు తప్పించి చిన్న రైతుల మీదుగా తిప్పారని అప్పటి ప్రతిపక్షాలు ఆరోపించాయి. సాంకేతిక కారణాలతోనే మార్పులు చేశామని ప్రభుత్వం చెప్పింది. కేసులు హైకోర్టు దాకా వెళ్ళాయి. ఎవరి మాట నిజమో తేల్చడం ఇక్కడ మన పని కాదు. కానీ ఒక్క విషయం మాత్రం స్పష్టం. గీత ఎందుకు అక్కడే గీశారో, ఎందుకు మార్చారో మామూలు రైతుకు అర్థమయ్యే భాషలో, ముందుగా, బహిరంగంగా చెప్పి ఉంటే ఇన్ని అనుమానాలకు జాగా ఉండేది కాదు.

నష్టపరిహారం సంగతి ఇంకా చేదు. ఔటర్ భూసేకరణ మొదలైనప్పుడు అమల్లో ఉన్నది 1894 నాటి బ్రిటిష్ చట్టం. ప్రధానంగా అప్పటి మార్కెట్ ధర, దాని మీద 30 శాతం అదనం. మార్కెట్ ధర అంటే రిజిస్ట్రేషన్ కాగితాల మీద ఉన్న ధర. మన దగ్గర రిజిస్ట్రేషన్ ధర ఎప్పుడూ అసలు ధర కంటే తక్కువే కదా. పైగా కౌలు రైతుకు, కూలీకి ఆ చట్టంలో దాదాపు ఏమీ లేదు.

దీని పక్కన ఇంకో లెక్క పెట్టి చూడండి. 2023 ఆగస్టులో ఔటర్ పక్కనే కోకాపేటలో హెచ్‌ఎండీఏ ప్రభుత్వ భూమిని వేలం వేసింది. ఒక ఎకరం 100 కోట్ల రూపాయలు దాటింది. సుమారు 45 ఎకరాలకు 3,300 కోట్లకు పైగా వచ్చాయి. ఆ ధరకు ఐటీ కంపెనీలతో పాటు ఔటర్ కూడా ఒక పెద్ద కారణం. రోడ్డు కోసం ఎకరం ఇచ్చిన రైతుకు ఆ పెరిగిన ధరలో వాటా లేదు. రోడ్డు పక్కన భూమి కొని పెట్టుకున్నవాడికి ఉంది. రోడ్డు విలువను సృష్టించింది, నిజమే. కానీ ఆ విలువ త్యాగం చేసిన చేతికి కాకుండా, తెలివిగా కాచుకుని కూర్చున్న చేతికి చేరింది.

రెండో ప్రశ్న: ర్యాంపు ఎక్కడ దిగింది?

ఔటర్ లాంటి రోడ్డును ఎక్కడ పడితే అక్కడ ఎక్కలేం, దిగలేం. కోకాపేట, పటాన్‌చెరు, సుల్తాన్‌పూర్, మేడ్చల్, శామీర్‌పేట, కీసర, ఘట్‌కేసర్, పెద్ద అంబర్‌పేట, బొంగులూరు, రావిర్యాల, తుక్కుగూడ, పెద్ద గోల్కొండ, శంషాబాద్, రాజేంద్రనగర్, ఇలా సుమారు 20 చోట్ల మాత్రమే ఇంటర్‌ఛేంజ్‌లు ఉన్నాయి. రెండు ఇంటర్‌ఛేంజ్‌ల మధ్య ఉన్న ఊరికి ఔటర్ ఒక గోడ లాంటిది. పొలం అటు పక్కనా ఇల్లు ఇటు పక్కనా పడితే, అండర్‌పాస్ ఎక్కడుందో వెతుక్కుని చుట్టూ తిరిగి పోవాలి.

కాబట్టి రోడ్డు ఎవరి పక్క నుంచి పోతోంది అన్నది కాదు లెక్క. ర్యాంపు ఎవరి దగ్గర దిగుతోంది, అక్కడి నుంచి బస్తీ దాకా మంచి రోడ్డు ఉందా లేదా అన్నదే లెక్క. నార్సింగి దగ్గర అవసరం పెరిగిందనగానే కొత్త ఇంటర్‌ఛేంజ్ కట్టి 2023లో తెరిచారు. మంచిదే. అవసరం ఉన్న మిగతా చోట్ల కూడా అదే వేగం కనిపించాలి.

నగరం లోపలి నుంచి ఔటర్‌ను కలపడానికి 33 రేడియల్ రోడ్లు అనుకున్నారు. ఇవి చక్రానికి ఆకుల్లాంటివి. ఆకులు లేని చక్రం తిరగదు. అన్ని ఆకులూ ఒకేసారి రాలేదు, ఒకే నాణ్యతతోనూ రాలేదు.

పాతబస్తీ సంగతే చూద్దాం. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే, 11.6 కిలోమీటర్ల ఫ్లైఓవర్, 2009 అక్టోబరులో అప్పటి ముఖ్యమంత్రి రోశయ్య చేతుల మీదుగా మొదలైంది. నగరం నుంచి విమానాశ్రయానికి త్వరగా చేరడానికే దాన్ని కట్టారు. అత్తాపూర్, ఉప్పర్‌పల్లి జనానికి అది ఎక్కువగా తల మీద కప్పు. అక్కడ ఎవరి అడ్రస్ అడిగినా పిల్లర్ నంబర్ చెప్తారు. షాపు బోర్డు మీదా పిల్లర్ నంబరే, పెళ్ళి పత్రిక మీదా పిల్లర్ నంబరే. పైన రోడ్డు ఊరిని దాటేస్తే, కింద ఊరు ఆ స్తంభాలనే గుర్తులుగా మార్చుకుని బతుకుతోంది.

అదే ఆరాంఘర్ నుంచి జూపార్క్ వైపు, అంటే హసన్ నగర్, శివరాంపల్లి, తాడ్‌బన్ మీదుగా పాతబస్తీలోకి పోయే దారి ఏళ్ళ తరబడి ఇరుకుగానే ఉండిపోయింది. అక్కడ ఆరు వరుసల ఫ్లైఓవర్, దాదాపు 4 కిలోమీటర్లది, 2025 జనవరి 6న తెరుచుకుంది. దానికి మన్మోహన్ సింగ్ పేరు పెట్టారు. ఆ ఫ్లైఓవర్ వచ్చినందుకు సంతోషమే. బెంగళూరు రోడ్డుకు, శంషాబాద్‌కు, ఔటర్‌కు పాతబస్తీ నుంచి పోవడం ఇప్పుడు తేలికైంది. కానీ తేదీలు పక్కపక్కన పెట్టండి. ఔటర్ మొదటి ముక్క 2008, పీవీ ఎక్స్‌ప్రెస్ వే 2009, పాతబస్తీ వైపు ఫ్లైఓవర్ 2025. ఆరాంఘర్ నుంచి ఒక పక్కకు చేరిన సౌకర్యం, పక్కనే ఉన్న ఇంకో దారికి రావడానికి పదిహేనేళ్ళు పట్టింది.

సర్వీసు రోడ్ల విషయం కూడా ఇందులోదే. ఔటర్ ఎక్కలేని వాళ్ళకు దారి ఇదొక్కటే. కాటేదాన్‌లో పని చేసే కార్మికుడు, తుక్కుగూడ వైపు పనికి పోయే మేస్త్రీ, పాల క్యాన్లు వేసుకుని పోయే రైతు, అందరూ దీని మీదే. ప్రధాన రోడ్డు కట్ట మీద ఎత్తుగా ఉంటుంది, వాన వచ్చినా బండ్లు పోతాయి. సర్వీసు రోడ్డు కింద ఉంటుంది. హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తినప్పుడు రాజేంద్రనగర్ దగ్గర సర్వీసు రోడ్డు మీదకు నీళ్ళొచ్చి రాకపోకలు ఆపేసిన సందర్భాలు మనం చూశాం. పైన కార్లు పోతూనే ఉంటాయి, కింద స్కూటర్ ఆగిపోతుంది. ఈ తేడా ఎవరూ కావాలని చేసింది కాకపోవచ్చు. కానీ డిజైన్ గీసేటప్పుడు ఎవరిని ముందు పెట్టుకున్నారో మాత్రం చెబుతుంది.

2023 అక్టోబరులో ఔటర్ పక్కన సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. నానక్‌రామ్‌గూడ, పోలీసు అకాడమీ, నార్సింగి, కొల్లూరు వైపు. ఆరోగ్యానికి, కరెంటుకు, రెండింటికీ మేలే. అయితే సైకిల్ సరదా కోసం తొక్కే వాళ్ళున్న చోట ట్రాక్ వచ్చింది. సైకిల్ మీద పనికి పోయే వాళ్ళున్న చోట కూడా రావాలని అడగడం తప్పా?

మూడో ప్రశ్న: టోల్ ఎవరి చేతికి పోయింది?

ఔటర్ మీద ఎక్కిన చోటు నుంచి దిగిన చోటు దాకా ఎంత దూరం పోతే అంతకు టోల్ కట్టాలి. ఈ ఆదాయం మొదట్లో హెచ్‌ఎండీఏ సంస్థకే వచ్చేది. 2023లో ప్రభుత్వం దీన్ని టీఓటీ పద్ధతిలో 30 ఏళ్ళకు ప్రైవేటు కంపెనీకి ఇచ్చింది. టీఓటీ అంటే కంపెనీ ముందే పెద్ద మొత్తం కడుతుంది, ఆ తర్వాత 30 ఏళ్ళ పాటు టోల్ వసూలు చేసుకుంటుంది, రోడ్డు బాగోగులు చూసుకుంటుంది, గడువు అయ్యాక తిరిగి ఇచ్చేస్తుంది. ఐఆర్‌బీ ఇన్‌ఫ్రా 7,380 కోట్ల రూపాయలకు ఈ లీజు దక్కించుకుంది.

ఇది తక్కువ ధర అని అప్పటి రాష్ట్ర కాంగ్రెస్ అధ్యక్షుడు రేవంత్ రెడ్డి ఆరోపించారు. టెండరు సక్రమంగానే జరిగిందని అప్పటి బీఆర్‌ఎస్ ప్రభుత్వం చెప్పింది. తర్వాత రేవంత్ రెడ్డే ముఖ్యమంత్రి అయ్యారు, 2024 డిసెంబరులో అసెంబ్లీలో దీని మీద సిట్ విచారణ ప్రకటించారు.

రాజకీయం పక్కన పెట్టి మామూలు లెక్క చూద్దాం. 7,380 కోట్లను 30 ఏళ్ళకు పంచితే ఏడాదికి 246 కోట్లు. అయితే ఇంత సులభంగా లెక్క తేల్చకూడదు. ఇవాళ చేతికొచ్చే రూపాయి, ముప్పై ఏళ్ళ తర్వాత వచ్చే రూపాయి ఒకటి కావు. రోడ్డు నిర్వహణ ఖర్చు కూడా కంపెనీదే. మరోవైపు, ఏటేటా టోల్ ధర పెరుగుతుంది, బండ్లు పెరుగుతాయి, ఆ పెరుగుదల అంతా కంపెనీకే పోతుంది. కాబట్టి లీజు లాభమా నష్టమా అన్నది ముందు ముందు ట్రాఫిక్ ఎంత పెరుగుతుందన్న అంచనా మీద ఆధారపడి ఉంటుంది. ఆ అంచనా ఎవరు వేశారు, ఎలా వేశారు అన్నది పూర్తిగా జనం ముందు పెడితే సగం గొడవ తీరిపోయేది.

మన దృష్టిలో ఇంకా పెద్ద ప్రశ్న ఒకటుంది. ఆ డబ్బు దేనికి వాడారు? అది ఖజానాలో కలిసిపోతే మామూలు ఖర్చుల్లో కరిగిపోతుంది. జపాన్ రుణం తీర్చే బాధ్యత మాత్రం ప్రభుత్వం మీదే ఉంటుంది. అంటే అప్పు మనది, 30 ఏళ్ళ ఆదాయం ముందే తీసుకుని ఖర్చు పెట్టేశాం. రేపు పుట్టబోయే పిల్లలు కట్టే టోల్‌ను ఇవాళే వాడుకున్నట్టు. ఆ డబ్బులో ఒక భాగాన్ని సర్వీసు రోడ్లకు, అండర్‌పాస్‌లకు, రేడియల్ రోడ్లకు అని విడిగా పెట్టి ఉంటే, భూములిచ్చిన ఊళ్ళకు ఎంతో కొంత తిరిగి వచ్చినట్టుండేది.

భద్రత సంగతి కూడా టోల్‌తో ముడిపడిందే. 2023లో గరిష్ఠ వేగాన్ని 100 నుంచి 120 కిలోమీటర్లకు పెంచారు. 2024 ఫిబ్రవరిలో సికింద్రాబాద్ కంటోన్మెంట్ ఎమ్మెల్యే లాస్య నందిత పటాన్‌చెరు దగ్గర ఔటర్ మీద ప్రమాదంలో చనిపోయారు. ఎమ్మెల్యే చనిపోతే అది పెద్ద వార్త అవుతుంది. లారీ క్లీనర్ చనిపోతే రెండు లైన్లు. టోల్ తీసుకునే కంపెనీ లాభం లెక్కతో పాటు, ఏడాదికి ఎన్ని ప్రమాదాలు తగ్గించింది అన్న లెక్క కూడా జనానికి చెప్పాలి. ఆగి ఉన్న లారీలను ఎంత త్వరగా తీయిస్తున్నారు, అంబులెన్స్ ఎంతసేపట్లో వస్తోంది అన్నవి టోల్ కట్టే మనిషి అడగదగ్గ ప్రశ్నలే.

ఔటర్ ఇప్పుడు రోడ్డు ఒక్కటే కాదు, సరిహద్దు

ఇంకో మార్పు నెమ్మదిగా జరిగింది. ఊరి బయట వేసిన రోడ్డు ఇప్పుడు ఊరికి ప్రహరీ అయింది. 2024 జూలైలో హైడ్రా ఏర్పడినప్పుడు దాని పరిధిని ఔటర్ దాకా అన్నారు. 2025 చివర్లో ఔటర్ లోపల, దాన్ని ఆనుకుని ఉన్న 27 మున్సిపాలిటీలను జీహెచ్‌ఎంసీలో కలిపే నిర్ణయం తీసుకున్నారు. అంటే ఇరవై ఏళ్ళ కింద ఇంజనీర్లు గీసిన ఒక రోడ్డు గీత, ఇవాళ ఎవరు ఏ పన్ను కట్టాలి, ఎవరి ఇంటికి ఏ నిబంధన వర్తిస్తుంది అన్నది తేలుస్తోంది. జల్‌పల్లిలో చిన్న ఇల్లు కట్టుకున్న కుటుంబానికి ఇది దూరపు విషయం కాదు.

ఇప్పుడు రీజనల్ రింగ్ రోడ్డు వంతు

ఔటర్‌కు ఇంకా బయట, సుమారు 350 కిలోమీటర్ల గుండ్రంగా రీజనల్ రింగ్ రోడ్డు వస్తోంది. ఉత్తర భాగం సంగారెడ్డి నుంచి నర్సాపూర్, తూప్రాన్, గజ్వేల్, భువనగిరి మీదుగా చౌటుప్పల్ దాకా. దక్షిణ భాగం చౌటుప్పల్ నుంచి ఆమనగల్లు, షాద్‌నగర్, చేవెళ్ళ వైపుగా మళ్ళీ సంగారెడ్డి దాకా.

పాత గొడవ మళ్ళీ మొదలైంది. భువనగిరి దగ్గర రాయగిరి రైతులు అలైన్‌మెంట్ మార్చాలని 2023లో ఆందోళన చేశారు, అరెస్టయిన రైతులను బేడీలతో కోర్టుకు తీసుకొచ్చారన్న విషయం అప్పుడు రాష్ట్రమంతా చర్చ అయింది. 2025లో దక్షిణ భాగం సర్వే నంబర్లు బయటికి రాగానే అక్కడి రైతులూ హైదరాబాద్ దాకా వచ్చి నిరసన తెలిపారు. పెద్దల భూములు తప్పించారన్న అదే ఆరోపణ. సాంకేతిక కారణాలేనన్న అదే జవాబు.

కానీ ఈసారి ఒక తేడా ఉంది. చట్టం మారింది. 2014 జనవరి 1 నుంచి 2013 భూసేకరణ చట్టం అమల్లో ఉంది. పరిహారం మీద 100 శాతం అదనంగా ఇవ్వాలి. పల్లె భూమికి మార్కెట్ ధరను 1 నుంచి 2 మధ్య ఉన్న గుణకంతో హెచ్చించాలి. జాతీయ రహదారుల చట్టం కింద తీసుకునే భూమికి కూడా 2015 నుంచి ఈ పరిహారం లెక్కే వర్తిస్తుంది. మూడేళ్ళుగా ఆ భూమి మీదే ఆధారపడి బతికే కౌలు రైతు, కూలీ కూడా 'బాధిత కుటుంబం' కిందకు వస్తారు. 1894 చట్టం కింద ఔటర్‌కు భూములిచ్చిన వాళ్ళకు ఈ హక్కులు లేవు.

అయితే హక్కు కాగితం మీద ఉంటే సరిపోదు, గడువు లోపల అడగాలి. జాతీయ రహదారుల చట్టం కింద 3ఏ నోటిఫికేషన్ వస్తే, అభ్యంతరం చెప్పడానికి 21 రోజులే సమయం. 2013 చట్టం కింద ప్రాథమిక నోటిఫికేషన్ వస్తే 60 రోజులు. నోటిఫికేషన్ పేపర్‌లో వస్తుంది. చాలామంది చూడరు. చూసేసరికి గడువు దాటిపోతుంది. అందుకే ఆ ఊళ్ళలో ఉన్న మనవాళ్ళందరికీ కొన్ని మాటలు:

పట్టా ఎవరి పేరు మీద ఉందో ఇప్పుడే చూసుకోండి. తాత పేరు మీదే ఉండిపోయి ఉంటే వారసుల పేరు మీదకు మార్పించుకోండి. పేరు తప్పు, విస్తీర్ణం తప్పు ఉంటే ఇప్పుడే సరిచేయించుకోండి. అభ్యంతరం నోటి మాటగా చెప్పి ఊరుకోకండి, రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. భూమితో పాటు బావి, బోరు, పైపులైను, చెట్లు, షెడ్డు, ఇల్లు, ప్రతిదీ లెక్కలో రాశారో లేదో చూసుకోండి, ఫొటోలు తీసి పెట్టుకోండి. పరిహారం తక్కువ అనిపిస్తే ఆర్బిట్రేటర్ దగ్గరకు వెళ్ళే దారి జాతీయ రహదారుల చట్టంలోనే ఉంది. డబ్బు తీసుకుంటూనే పెంచమని అడగొచ్చు, దానికి అభ్యంతరం రాతలో తెలపాలి.

ఊరి ఖబరస్తాన్, ఈద్గా, దర్గా, మసీదు భూములు గీత కిందకు వస్తే, వక్ఫ్ చట్టం 91వ సెక్షన్ ప్రకారం వక్ఫ్ బోర్డుకు నోటీసు ఇవ్వాలి. కానీ ఆ భూమి వక్ఫ్ రికార్డులో ఉందా లేదా అన్నది ఊరి కమిటీయే ముందుగా చూసుకోవాలి. రికార్డులో లేని భూమి గురించి తర్వాత గొడవ పడితే ఏళ్ళు పడుతుంది. గుడి మాన్యం, గ్రామ శ్మశానం, చెరువు శిఖం విషయంలో కూడా ఊరంతా కలిసి ఇదే పని చేయాలి. గీతకు మతం తెలియదు. ఊళ్ళో అందరి భూమీ ఒకేసారి పోతుంది, అందరూ ఒకేసారి అడిగితేనే వినిపిస్తుంది.

ప్రభుత్వాన్ని అడగాల్సినవి

రోడ్లు వద్దని ఎవరూ అనడం లేదు. ఔటర్ లేకపోతే ఈరోజు హైదరాబాద్ ట్రాఫిక్ ఊహించుకోలేం. రాత్రి పూట ఊళ్ళోకి వచ్చే లారీలు తగ్గాయి, అంబులెన్స్ జిల్లాల నుంచి త్వరగా వస్తోంది, డ్రైవర్లకు, మెకానిక్‌లకు, గోదాముల్లో పనిచేసే వాళ్ళకు పని దొరికింది. మేలు జరిగింది. ఆ మేలు ఎవరికి ముందు అందింది, ఎవరికి చివర అందింది అన్నదే ప్రశ్న.

కాబట్టి రీజనల్ రింగ్ రోడ్డు మట్టి పని మొదలు కాకముందే మూడు జవాబులు బహిరంగంగా ఇవ్వాలి. ఒకటి, పరిశీలించిన ప్రతి అలైన్‌మెంట్‌ను, ఒకటి ఎందుకు వద్దనుకున్నారు, ఇంకొకటి ఎందుకు తీసుకున్నారు అన్న కారణాలతో సహా గ్రామ పంచాయతీ గోడ మీద తెలుగులో, ఉర్దూ చదివే వాళ్ళున్న చోట ఉర్దూలో కూడా అంటించాలి. రెండు, సర్వీసు రోడ్డు, అండర్‌పాస్, ఊరికి దగ్గర ర్యాంపు, ఇవి తర్వాత చూద్దాం అనే పనులు కాకూడదు, ప్రధాన రోడ్డుతో పాటే పూర్తవ్వాలి. మూడు, రేపు టోల్ ఆదాయంలో భూములిచ్చిన ఊళ్ళకు నిర్ణీత వాటా ఉండాలి, అది ఎక్కడ ఖర్చయిందో ఏటా లెక్క చెప్పాలి.

ఔటర్ విషయంలో ఈ మూడు ప్రశ్నలూ రోడ్డు పూర్తయ్యాక అడిగాం. అప్పటికే భూమి పోయింది, ర్యాంపు ఇంకెక్కడో దిగింది, టోల్ 30 ఏళ్ళకు వెళ్ళిపోయింది. రీజనల్ రింగ్ రోడ్డు విషయంలో ఇంకా సమయం ఉంది. అడగాల్సింది ఇప్పుడే.